వెళ్లేవాడి కాగితాలు ఎవరి చేతిలో?

రాజీనామా గురించి మన రాష్ట్రాల్లో అందరికంటే ఎక్కువ తెలిసినవాళ్లు రాజకీయ నాయకులు. తెలంగాణ ఉద్యమం ఉద్ధృతంగా సాగిన రోజుల్లో ‘స్పీకర్ ఫార్మాట్‌లో ఇచ్చాడా, ఉత్తుత్తి లేఖేనా’ అన్న చర్చ టీకొట్ల దగ్గర కూడా నడిచేది. విశాఖ ఉక్కు ప్రైవేటీకరణకు నిరసనగా గంటా శ్రీనివాసరావు 2021 ఫిబ్రవరిలో ఇచ్చిన రాజీనామాకు 2024 జనవరిలో గానీ ఆమోదం దక్కలేదు. ఎగతాళికి పనికొచ్చే ఉదంతమే. కానీ ఆ ఆమోదం వెనకున్న నిబంధన ఎగతాళి చేయాల్సింది కాదు. శాసనసభ్యుల మెడ మీద కత్తి పెట్టి రాజీనామాలు రాయిస్తున్నారన్న ఆందోళనతో 1974లో 33వ సవరణ ద్వారా రాజ్యాంగం 190వ అధికరణంలో ఒక మాట చేర్చారు. రాజీనామా స్వచ్ఛందంగా ఇచ్చింది కాదని, నిజమైనది కాదని విచారణలో తేలితే స్పీకర్ దాన్ని ఆమోదించకూడదు.

సాఫ్ట్‌వేర్ కంపెనీలోనో, కార్పొరేట్ ఆస్పత్రిలోనో, ఇంజినీరింగ్ కాలేజీలోనో పనిచేసే మనిషి రాజీనామాకు అలాంటి పరీక్ష ఏదీ లేదు. పైగా అక్కడ వ్యవహారం తలకిందులుగా నడుస్తుంది. వెళ్తానన్నవాణ్ని పట్టుకుని ఆపుతారు. ఉంటానన్నవాడి చేత రాజీనామా రాయిస్తారు. రెండు పనులూ చేసేది ఒకే హెచ్‌ఆర్ విభాగం, ఒక్కోసారి ఒకే వారంలో. యాజమాన్యం రాజీనామాను మర్యాదగా స్వీకరించాలని చెప్పే ఉపన్యాసాలకు కొదవ లేదు. మర్యాద సంగతి తర్వాత, ముందు కాగితాల సంగతి చూడాలి. వెళ్లే మనిషి జీతం, సర్టిఫికెట్లు, రిలీవింగ్ లెటర్ యజమాని గుప్పిట్లో ఉన్నంతకాలం ఎన్ని వీడ్కోలు కేకులు కోసినా అది సవ్యమైన వీడ్కోలు కాదు.

హైదరాబాద్ ఐటీలో నోటీసు పీరియడ్ అంటే మూడు నెలలన్నది అలవాటైపోయింది. ఆఫర్ లెటర్‌లో ఎక్కడో ఉంటుంది. ఉద్యోగం వచ్చిన ఆనందంలో ఎవరూ ఆ పేరా దగ్గర ఆగరు. అమెరికాలో అయితే రెండు వారాలు. అదీ చట్టం కాదు, ఆనవాయితీ. క్లయింటు అక్కడే ఉంటాడు, ప్రాజెక్టు ఒకటే, రాసే కోడ్ కూడా ఒకటే. డాలస్‌లో కూర్చున్నవాడు పది పనిదినాల్లో అప్పగించి వెళ్లగలిగిన పనికి మాదాపూర్‌లో కూర్చున్నవాడికి తొంభై రోజులు ఎందుకు కావాలో ఏ డెలివరీ మేనేజరూ సూటిగా చెప్పలేడు. ఎందుకంటే ఆ తొంభై రోజులు అప్పగింతకు పెట్టినవి కావు. వెళ్లడాన్ని కష్టం చేయడానికి పెట్టినవి.

అలా కష్టం చేసినందువల్ల వలస ఆగిందా అంటే అదీ లేదు. కొవిడ్ తర్వాత వచ్చిన రాజీనామాల వెల్లువలో, 2022 ఏప్రిల్-జూన్ త్రైమాసికానికి ఇన్ఫోసిస్ ప్రకటించిన వలస రేటు 28.4 శాతం. అదే ఏడాది సెప్టెంబరు చివరికి టీసీఎస్‌లో అది 21.5 శాతం. నోటీసు ఎంత పొడుగ్గా ఉన్నా నలుగురైదుగురిలో ఒకరు వెళ్లిపోయారన్న మాట. ఆ పొడుగు మరో తంతుకు కూడా దారితీసింది. రాజీనామా చేసినవాడికి మూడు నెలల గడువుంటుంది కాబట్టి చేతిలోని ఆఫర్ చూపించి రెండోది, రెండోది చూపించి మూడోది తెచ్చుకుంటాడు. చివరికి ఒకచోట చేరతాడు. అతని కోసం ఎదురుచూసిన తక్కిన రెండు కంపెనీలూ చేరాల్సిన రోజు పొద్దున ఖాళీ కుర్చీ చూస్తాయి. దెబ్బతిన్న ఆ కంపెనీలు తమ దగ్గరున్నవాళ్లు కదలకుండా నోటీసును ఇంకా బిగిస్తాయి. ఆ పక్కనే ‘ఇమ్మీడియట్ జాయినర్స్ మాత్రమే’ అని ప్రకటన కూడా ఇస్తాయి. తన మనిషిని తొంభై రోజులు కట్టిపడేసే కంపెనీ పక్క కంపెనీ మనిషి మాత్రం రేపే రావాలంటుంది. ఈ రెండు కోరికలూ ఒకేసారి తీరవన్న సంగతి తెలియక కాదు. ముందుగా తగ్గితే తామే నష్టపోతామని ఎవరికి వారు భయపడుతున్నారు.

ఆ మూడు నెలలూ ఉద్యోగి ఎలా గడుపుతాడో టీమ్‌లో పనిచేసిన ఎవరినడిగినా చెబుతారు. మొదటి రెండు వారాలు మేనేజర్ మొహం చాటేస్తాడు. మూడో వారంలో కౌంటర్ ఆఫర్ వస్తుంది. అప్రైజల్‌లో ‘బడ్జెట్ లేదు’ అన్న నోటితోనే ముప్పై శాతం హైక్ ఇస్తామంటారు. మనిషి విలువ రాజీనామా చేస్తేనే పెరుగుతుందన్న పాఠం టీమ్‌లో మిగతావాళ్లంతా ఆ రోజే నేర్చుకుంటారు. కౌంటర్ ఆఫర్‌తో ఒకణ్ని ఆపిన మేనేజర్ ఆ నెలలోనే ఇంకో ఇద్దరికి దారి చూపించినట్టే. ఆఫర్‌కు లొంగకపోతే కేటీ సెషన్లు, అంటే పని అప్పగింత పాఠాలు, మొదలవుతాయి. నేర్చుకోవాల్సిన మనిషిని మాత్రం ఎనభయ్యో రోజుకు గానీ ఇవ్వరు. ఈలోగా సెలవులు బంద్. పెళ్లయినా, తద్దినమైనా ‘నోటీసులో ఉన్నావు కదా’ అన్నదే జవాబు.

ఇంతా భరించి చివరి రోజు దాకా ఉన్నవాడికి దక్కాల్సింది రిలీవింగ్ లెటర్. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి బతుకంతా వేలాడే ఈ కాగితం ఇన్ని రోజుల్లో ఇవ్వాలని ఏ కార్మిక చట్టమూ గడువు పెట్టలేదు. కొత్త కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో అడుగుతుంది కాబట్టే దానికి అంత బలం. ఆ బలాన్ని ఒకరికొకరు ఇచ్చుకుంటున్నది కంపెనీలే. నిజానికి ఫలానా మనిషి ఫలానా చోట పనిచేశాడా అని తేల్చుకోవడానికి పీఎఫ్ ఖాతా చాలు. 2014 నుంచి ప్రతి చందాదారుకూ యూఏఎన్ అనే ఖాతా సంఖ్య ఉంది. ఉద్యోగం మానిన తేదీని ఒకప్పుడు యజమానే నమోదు చేయాలి. దాన్ని అడ్డుపెట్టుకుని బెదిరించినవాళ్లూ ఉన్నారు. 2020 నుంచి రెండు నెలలు ఆగి ఉద్యోగే ఆ తేదీ నమోదు చేసుకోవచ్చు. ప్రభుత్వం ఒక తాడు తెంపింది. రిలీవింగ్ లెటరనే రెండో తాడును కంపెనీలు తామే పేనుకుని తామే పట్టుకుని ఉన్నాయి.

చట్టం ఏమంటుందో చూద్దాం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం మనిషిని తన వృత్తి చేసుకోనివ్వని ఒప్పందం చెల్లదు. ఉద్యోగంలో ఉన్నంతకాలం వేరేచోట పనిచేయకూడదన్న షరతు వేరు, మానేశాక కూడా చేయకూడదన్నది వేరు అని సుప్రీంకోర్టు 1967లో గోలికరీ కేసులో, 1980లో ముర్గాయ్ కేసులో స్పష్టం చేసింది. మొదటిది చెల్లుతుంది, రెండోది చెల్లదు. అయినా 2022లో ఇన్ఫోసిస్ ఒప్పందంలో మానేసిన ఆరు నెలల దాకా పోటీ కంపెనీల్లో అదే క్లయింటుకు పనిచేయకూడదన్న షరతు ఉందని పుణెలోని ఐటీ ఉద్యోగుల సంఘం కేంద్ర కార్మిక శాఖకు ఫిర్యాదు చేయాల్సి వచ్చింది. కోర్టులో నిలవదని తెలిసిన షరతును ఎందుకు రాస్తారు? ఉద్యోగి కోర్టుదాకా రాడన్న ధీమాతో.

బాండ్ల విషయంలో 2025 మేలో వచ్చిన విజయా బ్యాంక్ తీర్పును యాజమాన్యాలు ఇప్పుడు జెండాలా ఊపుతున్నాయి. మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షల రూపాయలు కట్టాలన్న షరతును సుప్రీంకోర్టు సమర్థించిన మాట నిజం. కానీ అది ప్రభుత్వ రంగ బ్యాంకుకు సంబంధించింది. ఖాళీ ఏర్పడితే ప్రకటన, పరీక్ష, ఇంటర్వ్యూ మళ్లీ మొదటినుంచీ జరపాలి. ఆ ఖర్చును, అక్కడి ఉద్యోగి హోదానూ, జీతాన్నీ చూసే ఆ మొత్తం అసమంజసం కాదంది కోర్టు. క్యాంపస్‌లో తీసుకున్న కుర్రాడికి ఆరు వారాల ఆన్‌లైన్ శిక్షణ ఇచ్చి లక్షల బాండ్ రాయించుకునేవాళ్లకు అందులో ఊరట తక్కువే. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ఇప్పటికీ అక్కడే ఉంది. ఒప్పందంలో ఎంత రాసుకున్నా దక్కేది సమంజసమైన పరిహారమే.

ఇక్కడొక పన్ను ముచ్చట. నోటీసు పూర్తి చేయకుండా వెళ్లే ఉద్యోగి దగ్గర వసూలు చేసే డబ్బుకు జీఎస్టీ కట్టాలా వద్దా అని చాలాకాలం తగువు నడిచింది. ఉద్యోగిని త్వరగా పంపడమనే ‘సేవ’ను యజమాని అందించాడు, దానికి ప్రతిఫలం పుచ్చుకున్నాడు అన్నది పన్ను అధికారుల వాదన! అది సేవ కాదు, అర్ధాంతరంగా మానకుండా నిరుత్సాహపరిచే రుసుము మాత్రమేనని 2022 ఆగస్టులో పరోక్ష పన్నుల బోర్డు సర్క్యులర్ ఇచ్చాక ఆ వాదనకు తెరపడింది.

యజమానుల గోడు అంతా అబద్ధమని నేననను. 2023లో ఆకాశ ఎయిర్ విమానాలు వరసగా రద్దయ్యాయి. 43 మంది పైలట్లు నోటీసు పూర్తి చేయకుండా పోటీ సంస్థల్లోకి వెళ్లారని ఆ కంపెనీ కోర్టుకెక్కింది. పైలట్లకు ఆరు నెలల నుంచి ఏడాది దాకా నోటీసును విమానయాన నియంత్రణ సంస్థే విధించింది. కొత్త పైలట్‌కు శిక్షణ ఇచ్చి ఆ సీట్లో కూర్చోబెట్టడానికి నెలలు పడుతుంది. 2019లో ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ కేసులో సుప్రీంకోర్టు ఆ సుదీర్ఘ నోటీసు ప్రయాణికుల ప్రయోజనం కోసమని చెప్పింది. ఇందులోనే కొలబద్ద దొరుకుతుంది. నోటీసు ఎంత ఉండాలన్నది మనిషి వెళ్లిపోతే మూడో వ్యక్తికి ఎంత కష్టం కలుగుతుందన్నదాన్ని బట్టి తేలాలి. ఐసీయూలో రాత్రి డ్యూటీ నర్సు, ఫిబ్రవరిలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే లెక్చరర్ హఠాత్తుగా మాయమైతే నష్టపోయేది యజమాని కంటే ముందు రోగి, విద్యార్థి. అలాంటిచోట ఇంకొకరు కుదిరేదాకానో, విద్యాసంవత్సరం ముగిసేదాకానో ఉండమనడం న్యాయం. నెలకో కొత్త మనిషిని కూర్చోబెట్టి నడిపించగల టెస్టింగ్ టీమ్‌కీ, బిల్లింగ్ కౌంటర్‌కీ అదే తొంభై రోజులు రాయడం దబాయింపు.

లెక్చరర్ మాట వచ్చింది కనుక, ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల బీరువాల మాట కూడా చెప్పుకోవాలి. చేరేటప్పుడే ఒరిజినల్స్ తీసుకుని లోపల పెడతారు. అఫిలియేషన్ తనిఖీలకు కావాలంటారు. తనిఖీ అయిపోయాక కూడా అవి బయటికి రావు. వద్దని సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ చెప్పినా ఈ ఆచారం చావలేదు. జీతం నాలుగు నెలలు బాకీ ఉన్న కాలేజీలో కూడా లెక్చరర్ కదలలేడు. కదిలితే పదో తరగతి మెమో నుంచి ఎంటెక్ పట్టా దాకా అక్కడే ఉండిపోతుంది. ఇలాంటిచోట ఉత్తమ పద్ధతుల గురించి మాట్లాడటం వృథా. ఎవరి సర్టిఫికెట్ వాళ్లకివ్వాలి, అంతే.

తెలుగువాళ్లకు ఈ అనుభవం ఊళ్లో మొదలై విదేశం దాకా వెంట వచ్చింది. జగిత్యాల, నిజామాబాద్ జిల్లాల నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్ల పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉండేది. కఫాలా అనే స్పాన్సర్ పద్ధతి కింద అతని అనుమతి లేకుండా కంపెనీ మారే వీల్లేదు. తట్టుకోలేక బయటపడినవాడు ‘ఖల్లివెల్లి’ అయిపోయేవాడు. కాగితాలుండవు, ఆస్పత్రికి వెళ్లలేడు, తండ్రి పోయినా ఇంటికి రాలేడు. ఖతర్ 2020లో యజమాని అనుమతి పత్రం లేకుండానే, నెల లేదా రెండు నెలల నోటీసుతో ఉద్యోగం మారే హక్కు ఇచ్చింది. కాగితం మీద ఇచ్చినంతగా క్షేత్రంలో ఇచ్చిందా అన్నది వేరే చర్చ. కానీ కఫాలా నడిచినచోటే నోటీసు అరవై రోజులకు మించదని చట్టం చేస్తే, గచ్చిబౌలిలో అది తొంభై దగ్గర ఆగి ఉంది. అమెరికాలో హెచ్1బీ ఉద్యోగి గడువుకు ముందే మానేస్తే జరిమానా వేయడం అక్కడి చట్టం ప్రకారం నేరుగా నిషిద్ధం. అయినా మన కన్సల్టెన్సీలు కొన్ని ‘నష్టపరిహారం’ అన్న పేరు మీద నోటీసులు పంపి కుర్రాళ్లను జడిపిస్తుంటాయి. భయపడేవాడికి తెలియాల్సింది, న్యాయమైన నష్టానికీ జరిమానాకూ మధ్య తేడాను అక్కడి కోర్టులు చూస్తాయని.

దారి మూసిన ప్రతిచోటా మనుషులు చెప్పకుండా వెళ్లిపోతారు. గల్ఫ్‌లో దాన్ని ‘ఖల్లివెల్లి’ అన్నారు, కొండాపూర్‌లో ‘అబ్‌స్కాండింగ్’ అని మెయిల్ పంపుతారు. ల్యాప్‌టాప్ కొరియర్‌లో పంపి ఫోన్ ఆపేసిన కుర్రాడి మీద నేరస్థుడికి వాడే మాట వాడటం హెచ్‌ఆర్‌కు తప్పనిపించదు. అతను నెల రోజుల్లో పంపమని మూడుసార్లు అడిగాడా లేదా అన్నది ఆ మెయిల్‌లో ఉండదు. ఇటుక బట్టీల్లో అడ్వాన్సు తీరేదాకా కదలనివ్వని పద్ధతిని 1976లోనే వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం నేరమంది. ఏసీ గదిలో ఉన్నవాణ్ని వెట్టి కార్మికుడితో పోల్చడం అతిశయోక్తే, ఒప్పుకొంటాను. అయితే బాకీ చూపించి మనిషిని ఆపడమనే ఉపాయం మాత్రం రెండుచోట్లా ఒకటే.

ఇప్పుడు రెండో తలుపు. ఉంటానన్నవాడి చేత రాయించే రాజీనామా. మధ్యాహ్నం మూడింటికి మీటింగ్ రూమ్‌కి పిలుస్తారు. బల్ల మీద ముందే టైప్ చేసిన లేఖ ఉంటుంది. సంతకం పెడితే రెండు నెలల జీతం, మంచి ఎక్స్‌పీరియెన్స్ లెటర్. పెట్టకపోతే ‘టర్మినేటెడ్’ అని రికార్డులో రాస్తాం, ఆ తర్వాత నీకు ఎక్కడా ఉద్యోగం రాదు. గంటలో తేల్చుకోవాలి. 2017లో ఐటీ ఉద్యోగులు హైదరాబాద్‌లో కార్మిక శాఖ తలుపు తట్టింది ఈ ఫిర్యాదుతోనే. కంపెనీకి ఇందులో లాభం స్పష్టం. ఏడాదికి పైగా పనిచేసిన కార్మికుణ్ని రిట్రెంచ్ చేస్తే నెల నోటీసు, పనిచేసిన ప్రతి సంవత్సరానికీ 15 రోజుల సగటు వేతనం ఇవ్వాలని, ప్రభుత్వానికి తెలియజేయాలని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం చెప్పింది. దాని స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కోడ్ కూడా ఆ మాట నిలబెట్టింది. ఉద్యోగి తానే రాసిచ్చాడంటే ఇవేవీ అక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ ఇంజినీరు కార్మికుడి నిర్వచనంలోకి వస్తాడా అన్న పేచీకి కూడా అవసరం రాదు. వెళ్లేవాడికి తొంభై రోజులు కావాలన్న అదే సంస్థకు, తాను పంపించేటప్పుడు అరవై నిమిషాలు చాలు. అప్పుడు కేటీ ఎలా జరిగిందో ఎవరూ అడగరు!

ఎమ్మెల్యేకు ఇచ్చిన రక్షణను ఉద్యోగికి కూడా ఇవ్వడానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. కంపెనీ ఆవరణలో, కంపెనీ అధికారుల సమక్షంలో సంతకం చేసిన రాజీనామా వారం దాకా చెల్లదని కంపెనీయే నియమం పెట్టుకోవచ్చు. కోర్టులు ఇప్పటికే ఆ దిశగా మాట్లాడాయి. ఫలానా తేదీ నుంచి అమలయ్యే రాజీనామాను ఆ తేదీ రాకముందే వెనక్కి తీసుకోవచ్చని 1978లో గోపాల్ చంద్ర మిశ్రా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కొంకణ్ రైల్వేలో 23 ఏళ్లు పనిచేసిన ఒక ఉద్యోగి రాజీనామా ఇచ్చి, తర్వాత మనసు మార్చుకుని ఉపసంహరించుకున్నాడు. ఫైల్లో ఎప్పుడో ఆమోదించేశామని యాజమాన్యం అంది. ఆ ఆమోదం ఉద్యోగికి చేరనేలేదు కాబట్టి అది చెల్లదని 2024లో సుప్రీంకోర్టు అతణ్ని తిరిగి తీసుకోమంది. యజమానులు ఈ తీర్పు నుంచి ఒక చిన్న పని నేర్చుకోవాలి. రాజీనామా అందిన రోజే రాతపూర్వకంగా జవాబివ్వాలి. అందింది, చివరి పనిదినం ఫలానా, అప్పగించాల్సింది ఫలానా మనిషికి అని మూడు వాక్యాలు. రెండు వారాలు నానబెట్టి ‘ఇంకోసారి ఆలోచించు’ అంటూ తిప్పే మేనేజర్ సంస్థకు లేనిపోని వ్యాజ్యం తెచ్చిపెడుతున్నాడు.

డబ్బు విషయంలో సాకులకు తావు తగ్గింది. పాత వేతన చెల్లింపు చట్టంలో యజమాని తొలగించినవాడికే రెండు పనిదినాల్లో జీతం ఇవ్వాలని ఉండేది. తానుగా మానేసినవాడి మాట అందులో లేదు. ఆ సందులోంచే ‘ఫుల్ అండ్ ఫైనల్‌కి 45 రోజులు’ అన్న ఆచారం పుట్టి పెరిగింది. 2019 నాటి వేతనాల కోడ్ 17వ సెక్షన్ రాజీనామా చేసినవాణ్ని కూడా కలిపి, రెండు పనిదినాల్లో వేతనం చెల్లించాలంది. గ్రాట్యుటీకి ముప్పై రోజుల గడువు ముందునుంచీ ఉంది. ప్రతి నెలా లక్షమందికి ఒకే రోజు జీతం వేయగల పేరోల్ సాఫ్ట్‌వేర్‌కు, వెళ్లే ఒక్కడి లెక్క తేల్చడానికి నెలన్నర పడుతుందంటే ఇక నమ్మనక్కర్లేదు. కార్మిక శాఖలు ఈ ఒక్క సెక్షన్‌ను గట్టిగా పట్టుకుంటే, మాదాపూర్‌లో రెండు మూడు కంపెనీల మీద చర్య తీసుకుంటే, మిగతావి తమంతట తామే సర్దుకుంటాయి.

ఎగ్జిట్ ఇంటర్వ్యూ గురించి ఒక మాట. చివరి రోజు సాయంత్రం, రిలీవింగ్ లెటర్ ఇంకా ప్రింటర్‌లో ఉండగా, ‘ఎందుకు వెళ్తున్నావో మనసు విప్పి చెప్పు’ అని అడుగుతారు. ఎవరు విప్పుతారు? ‘వ్యక్తిగత కారణాలు’ అని రాసి బయటపడతారు. మేనేజర్ నోటి దురుసు, అర్ధరాత్రి కాల్స్, ప్రసూతి సెలవు నుంచి తిరిగొచ్చిన అమ్మాయికి ఆమె ప్రాజెక్టు ఇవ్వకుండా బెంచ్ మీద కూర్చోబెట్టడం, అన్నీ ఆ రెండు మాటల కిందికి పోతాయి. హెచ్‌ఆర్ డ్యాష్‌బోర్డులో అది ‘సహజ వలస’. నిజం కావాలనుకున్న యాజమాన్యం జీతం ఖాతాలో పడ్డాక, సర్టిఫికెట్లు చేతికందాక, రెండు మూడు నెలలు ఆగి, ఆ మేనేజర్‌తో సంబంధం లేని మనిషి చేత ఫోన్ చేయించాలి. అప్పుడు వినిపించే పేర్లలో ఒకే మేనేజర్ పేరు ఏడాదిలో మూడోసారి వస్తే, రిటెన్షన్ బోనస్ కోసం దాచిన డబ్బు ముట్టుకోకముందే ఆ మేనేజర్ సంగతి తేల్చాలి.